ఇసుకలో దిద్దిన అక్షరము: భద్రాచలము అడవి సరిహద్దులో పిల్లలకు ఇంగ్లీషు వ్రాత నేర్పుటను గూర్చి ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

అడవి ప్రాంతములలో పరిచర్య చేయు మన సేవకులకు బడి పని క్రొత్త కాదు. ప్రార్థన జరిగే పాకలోనే పలకలు పంచిన రోజులు మన సంఘ చరిత్రలో ఉన్నవి. అయితే నేడు బడి నడుపు సేవకునికి తల్లిదండ్రుల నుండి మొదట ఎదురయ్యే ప్రశ్న, "మా వాడికి ఏబీసీడీలు ఎప్పుడు వస్తాయి?" అన్నదే. ఇది తేలికగా త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. ఉద్యోగము, కోర్టు, ఆసుపత్రి, బ్యాంకు అన్నియు ఆ ఇరవై ఆరు అక్షరముల వెనుక ఉన్నవని వారికి తెలుసు.

కాని ఇంటిలో కోయ మాట్లాడుచు, సంతలో తెలుగు వినుచు, బడిలో ఇంగ్లీషు అక్షరము చూచు పిల్లవానికి ఆ అక్షరము వ్రాయుట ఎట్లు నేర్పవలెను? ఇది బోధనా పద్ధతికి సంబంధించిన ప్రశ్నగా కనబడినను, దీనికి రెండు శతాబ్దములకు మించిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో సంఘమునకు గౌరవము తెచ్చు భాగమున్నది, సంఘము తన్ను తాను ప్రశ్నించుకొనవలసిన భాగమును ఉన్నది. ఈ వ్యాసములో మేము చెప్పదలచినది ఒక్కటే: పిల్లవాని నోట ఉన్న భాష నుండి మెట్టు మెట్టుగా ఎక్కించినచోట అక్షరము నిలిచినది, మధ్య మెట్టు తీసివేసినచోట అది చేతిలో బొమ్మగా మిగిలినదే గాని చదువుగా మారలేదు.

1. సరిహద్దు ప్రాంతము, దాని భాషలు

ముందుగా ఈ ప్రాంతమును గుర్తు చేసికొందము. గోదావరికి ఉత్తరపు ఒడ్డున ఉన్న భద్రాచలము ప్రాంతమును 1860లో నిజాము బ్రిటిషువారికి అప్పగించెను. అది మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని అప్పర్ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరినది. నదికి ఇవతల పాల్వంచ, ఖమ్మము ప్రాంతములు 1948 వరకు నిజాము రాజ్యములోనే ఉన్నవి. 1959లో భద్రాచలము తూర్పు గోదావరి నుండి ఖమ్మము జిల్లాకు మారినది. 2014లో పోలవరము ముంపు మండలములు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళగా, 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది.

ఈ తేదీలు పరిపాలనకు సంబంధించినవే అయినను పిల్లవాని పలక మీద వీటి ప్రభావము ఉన్నది. ఉత్తరపు ఒడ్డున పై అధికారుల భాష ఇంగ్లీషు, దక్షిణపు ఒడ్డున నిజాము కచేరీ భాష ఉర్దూ. రెండు ఒడ్డులందును సంత భాష తెలుగు. ఈ మూటికిని వెలుపల, రెండు ఒడ్డుల గూడెములలో కోయ భాష ఉన్నది. 2011 జనగణనలో కోయ తమ మాతృభాష అని చెప్పినవారు దేశములో నాలుగు లక్షలకు పైగా ఉన్నారు. కోయ తెలుగునకు దగ్గర బంధువే గాని తెలుగు కాదు. కోయ పిల్లవానికి 'ఏర్' అనగా నీళ్ళు, తెలుగు పిల్లవానికి 'ఏరు' అనగా పారే వాగు. ఒకే శబ్దము విని ఇద్దరు పిల్లలు రెండు వేర్వేరు సంగతులు తలచుకొందురు. తెలుగు వాచకము కోయ పిల్లవానికి రెండవ భాషయే అని ఈ ఒక్క మాట చూపుచున్నది. ఇంగ్లీషు అతనికి మూడవది.

2. ఇసుక పలక మద్రాసు నుండి ఇంగ్లండుకు వెళ్ళిన విధము

భద్రాచలము తాలూకా మద్రాసు రాజధానిలో చేరినందున ఇక్కడి బడుల చరిత్రకు ముందు మద్రాసు బడుల చరిత్రను చూడవలెను. ఇంగ్లీషు అక్షరములు ఇసుకలో వ్రాయించు పద్ధతి ఇంగ్లండు నుండి మనకు వచ్చినది కాదు, మన నుండి ఇంగ్లండుకు వెళ్ళినది.

స్కాట్లండు దేశస్థుడు, ఆంగ్లికన్ గురువు అయిన ఆండ్రూ బెల్ 1787లో మద్రాసు వచ్చెను. 1789లో ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర కొరకు ఏర్పడిన ఆశ్రమమునకు ఆయన పెద్దగా నియమింపబడెను. ఆ బాలురలో అనేకులు యూరోపు సైనికులకు ఇక్కడి స్త్రీలకు పుట్టినవారు, అనగా తల్లి భాష ఇంగ్లీషు కానివారు. వారికి ఇంగ్లీషు అక్షరములు ఎంతకాలము చెప్పినను రాకపోయెను. ఒక ఉదయమున బెల్ గుఱ్ఱము మీద వెళ్ళుచు ఒక వీధిబడి ముందు పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట చూచెను. తమ బడిలోను ఇట్లే చేయవలెనని ఉపాధ్యాయులకు చెప్పగా వారు సుముఖత చూపలేదు. అప్పుడు ఆయన జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలుని, ఒక సామాన్య సైనికుని కుమారుని, చిన్న తరగతికి ఉపాధ్యాయునిగా నిలిపెను. పెద్దలు నేర్పలేనిది ఆ బాలుడు ఇసుకలో నేర్పెను.

ఈ అనుభవమును బెల్ 1797లో లండనులో పుస్తకముగా ప్రచురించెను. 1811లో ఆంగ్లికన్ సంఘము పేద పిల్లల చదువు కొరకు నేషనల్ సొసైటీని స్థాపించినప్పుడు బెల్ పద్ధతినే స్వీకరించినది. దానికి 'మద్రాసు పద్ధతి' అని పేరు. 1823లో బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని 533 బడులను, 6,641 మంది విద్యార్థులను గూర్చి నివేదిక పంపుచు, తక్కువ ఖర్చుతో వ్రాత నేర్పుట, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పుట అనునవి ఇంగ్లండు అనుకరింపదగినవేనని మెచ్చుకొనెను. ఆ 533 బడులలో తెలుగు బడులును అధికముగానే ఉన్నవి.

తెలుగువారికి ఈ పద్ధతి పేరుతో సహా తెలిసినదే. 'గుంట ఓనమాలు' అను మాటలో ఇసుకలో గుంటగా గీచిన అక్షరము నేటికిని నిలిచియున్నది. 'దిద్దుట' అను క్రియలోనే పద్ధతి అంతయు ఇమిడియున్నది: గురువు గీచినదాని మీద శిష్యుడు వ్రేలు మరల మరల త్రిప్పును. చెరిపిన గుర్తు మిగలదు గనుక తప్పు వ్రాసినందుకు సిగ్గు లేదు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చిన మరియా మాంటిస్సోరి గరుకు కాగితపు అక్షరములను వ్రేలితో తడుమించుట ద్వారా వ్రాత నేర్పేది. చదువుకంటె ముందు చేతికి వ్రాత రావచ్చునని ఆమె చెప్పినప్పుడు ప్రపంచము దానిని క్రొత్త సంగతిగా వినెను. మన వీధిబడి పిల్లవాని వ్రేలికి ఆ సంగతి అంతకు ముందే తెలుసు.

బెల్‌కు సమకాలికుడైన జోసెఫ్ లాంకాస్టర్ మరియొక మెట్టు వేసెను. అక్షరములను ఎ నుండి జెడ్ వరకు వరుసగా కాక, చేతి కదలికను బట్టి మూడు గుంపులుగా నేర్పించెను. నిలువు, అడ్డ గీతలతో ఏర్పడునవి ఐ, హెచ్, టి, ఎల్, ఇ, ఎఫ్. ఏటవాలు గీతలు గలవి ఎ, వి, డబ్ల్యు, ఎం, ఎన్, జెడ్, కె, వై, ఎక్స్. వంపులు గలవి ఒ, యు, సి, జె, జి, డి, పి, బి, ఆర్, క్యూ, ఎస్. పాట పాడుటకు వర్ణక్రమము మంచిదే గాని చేతికి క్రమము వేరని ఆయన గుర్తించెను.

3. దుమ్ముగూడెము మిషను

ఇప్పుడు అడవికి వద్దాము. గోదావరిని పడవల మార్గముగా మార్చవలెనని సర్ ఆర్థర్ కాటన్ తలచినప్పుడు, రాతి అడ్డుగల మొదటి చోటైన దుమ్ముగూడెము వద్ద పెద్ద పనులు సాగెను. ఆ పనులు 1871లో నిలిచిపోయెను గాని, వాటి వెంట వచ్చిన ఒక పని నిలిచినది. ఇంజనీరు హేగ్, కాటన్ల ప్రోత్సాహముతో 1860లో దుమ్ముగూడెములో కోయల మధ్య మిషను ఆరంభమైనది. గోదావరి పనులలో ఉద్యోగిగా నుండి క్రీస్తును నమ్మిన ఐ. వెంకటరామరాజు ఆ మిషనుకు తొలి సేవకుడు. చర్చి మిషనరీ సొసైటీ దీనిని తన పనిలో చేర్చుకొన్నది. తరువాత వచ్చిన జాన్ కెయిన్ అక్కడ దీర్ఘకాలము పనిచేసి, 1876 నుండి 'ఇండియన్ యాంటిక్వెరీ' పత్రికలో భద్రాచలము, రేకపల్లి తాలూకాలను గూర్చి, కోయల జీవితమును గూర్చి వ్యాసములు వ్రాసెను. పందొమ్మిదవ శతాబ్దపు చివరి పాదములో కోయ భాషలో లూకా సువార్త అచ్చయినది.

ఒక సువార్తను కోయలోనికి తేవలెనన్న మిషనరీ ముందు కోయ నేర్చుకొనక తప్పదు. పిల్లవానిని తన భాషకు రప్పించుటకు ముందు పిల్లవాని భాషకు తాను వెళ్ళుట మొదటి మెట్టు. రెండవ మెట్టు తెలుగు. సంత, కరణము లెక్క, షావుకారు పత్రము తెలుగులో ఉండెను. 1879లో రంప తిరుగుబాటు రేకపల్లి వరకు వ్యాపించినప్పుడు, పోడు మీద పన్ను, అడవి మీద ఆంక్షలు ఈ ప్రాంతపు జనుల గుండెలో ఎంత మంట రేపినవో లోకమునకు తెలిసెను. పత్రము చదువలేనివాడు దాని క్రింద వేలిముద్ర వేయవలసినవాడే. ఆ పరిస్థితిలో తెలుగు అక్షరము కోయవానికి అలంకారము కాదు, రక్షణ.

ఇంగ్లీషు మూడవ మెట్టుగా ఉండెను. 1854 నాటి వుడ్ విద్యా ప్రకటన ప్రాథమిక చదువు దేశభాషలలోను, పై చదువు ఇంగ్లీషులోను ఉండవలెనని చెప్పినది. గ్రాంటు పొందు మిషను బడులు ఆ చట్రములో నడిచెను. ఇక్కడ మనము నిజాయితీగా ఒక సంగతి ఒప్పుకొనవలెను. ఇదే సొసైటీ 1843లో రాబర్ట్ నోబుల్ చేత మచిలీపట్నములో ఇంగ్లీషు బడి తెరిపించినది. అక్కడ అగ్రవర్ణ బాలురు మొదటి నుండి ఇంగ్లీషులో చదివిరి. తీరములో ఇంగ్లీషు, పల్లెలోను అడవిలోను తెలుగు: ఇది బోధనా క్రమము మాత్రమే కాదు, సామాజిక హద్దు కూడ. నేడు కోయ తల్లి తన బిడ్డకు ఇంగ్లీషు కావలెనని పట్టుపట్టుట ఈ చరిత్రకు జవాబే. కాబట్టి 'మాతృభాష చాలును, ఇంగ్లీషు ఎందుకు' అని ఆమెకు చెప్పుటకు సంఘమునకు హక్కు లేదు. ఇంగ్లీషు ఇవ్వవలెనా అన్నది మన ముందున్న ప్రశ్న కాదు. ఏ మెట్టు మీద నిలబెట్టి ఇవ్వవలెనన్నదే ప్రశ్న.

4. ఖాసీ కొండలతో పోలిక

ఈశాన్య భారతములో మిషనులు వేరొక మార్గమున నడిచెను. ఖాసీ భాషకు మొదట శ్రీరాంపురము మిషనరీలు బెంగాలీ లిపి వాడిరి. 1841లో చిరపుంజికి వచ్చిన వెల్ష్ మిషనరీ థామస్ జోన్స్ దానిని విడిచి రోమను లిపి తీసికొనెను. 1894లో మిజో కొండలకు వచ్చిన లొరేన్, సావిడ్జ్ కూడ మిజో భాషకు రోమను లిపినే అమర్చిరి. దీని ఫలితము గమనింపదగినది. అక్కడి పిల్లవాడు తన తల్లి మాటలను వ్రాయుటకు నేర్చుకొన్న అక్షరములే తరువాత ఇంగ్లీషుకును పనికివచ్చెను. చేయి ఒక్కసారే నేర్చుకొన్నది.

భద్రాచలము ప్రాంతములో కోయకు నిలిచిన లిపి తెలుగు. చుట్టు ఉన్న జనులు, సంత, ఉపాధ్యాయులు తెలుగువారైనప్పుడు ఇది సహజము. దీనివలన కోయ పిల్లవాడు తెలుగు సమాజములో అడుగుపెట్టగలిగెను. అయితే ఇంగ్లీషు వద్దకు వచ్చునప్పటికి అతని చేయి రెండవసారి మొదటి నుండి నేర్చుకొనవలెను. ఏ మార్గము శ్రేష్ఠమని మేము తీర్పు చెప్పుట లేదు. మన మార్గములో రెండవ లిపి బరువు పిల్లవాని మీద పడుచున్నదని ఉపాధ్యాయుడు గుర్తించవలెనన్నదే మా మనవి.

5. రెండవ లిపి బరువు

ఆ బరువు ఏమిటో కొంచెము వివరముగా చూతము. తెలుగు అక్షరము పేరు, శబ్దము ఒక్కటే: 'క' అని పిలిచినది 'క' అనియే పలుకును. ఇంగ్లీషులో పేరు వేరు, శబ్దము వేరు. 'సి' అను అక్షరము ఒకచోట 'క'గా, మరియొకచోట 'స'గా పలుకును. 'హెచ్' పేరులో 'హ' శబ్దము అక్షరమంత స్పష్టముగా ఉండదు. పేర్లు మాత్రమే వల్లించిన పిల్లవాడు ఇరవై ఆరు పేర్లు చెప్పును గాని మూడక్షరముల మాట చదువలేడు.

తెలుగులో పెద్ద అక్షరము, చిన్న అక్షరము అను భేదము లేదు. ఇంగ్లీషులో ఇరవై ఆరుకు రెండేసి రూపములు కలిసి యాబది రెండు. విడివ్రాతకు తోడు కలిపివ్రాత కూడ ఒకేసారి పెట్టినచో నూట నాలుగు. ఇవన్నియు ఒకే ఏడాది కాపీ పుస్తకములో నింపిన పిల్లవాని చేయి అలసిపోవును.

తెలుగులో చిన్న గీత తేడాతో అక్షరము మారును: ప, వ, డ, ద. ఆ తేడా పట్టుకొను కన్ను మన పిల్లలకు ఉన్నది. కాని ఎడమకు, కుడికి త్రిప్పినంతనే వేరొక అక్షరమగుట వారికి క్రొత్త. చిన్న బి, డి, పి, క్యూ నాలుగును ఒకే కఱ్ఱ, ఒకే గుండ్రము. తిప్పిన దిక్కే అర్థము. పిల్లవాడు వీటిని తారుమారు చేసినప్పుడు అది బుద్ధిహీనత కాదు, శిక్షింపదగిన నేరము అసలే కాదు.

మన పిల్లలకు ఉన్న బలములును ఉన్నవి. తెలుగు గుండ్రని లిపి. సున్న చుట్టగల చేయికి ఇంగ్లీషు 'ఒ' అప్పటికే సగము వచ్చియున్నది. లాంకాస్టర్ నిలువు గీతలతో మొదలుపెట్టెను. తెలుగు దిద్దిన చేయికి వంపులతో మొదలుపెట్టుట తగునని మా అభిప్రాయము. చిన్న అక్షరములలో సి, ఒ, ఎ, డి, జి, క్యూ ఒక కుటుంబము. ఇవన్నియు కుడివైపు పైన మొదలై ఎడమకు తిరుగును. 'డి' సి వలె వంపుతో, 'బి' కఱ్ఱతో మొదలగునని వ్రేలికి తెలిసినచో ఆ రెండింటి తికమక చాలవరకు తొలగును. అట్లే తెలుగులో తలకట్టు గీత పైన, ఒత్తు గీత క్రింద ఉండును. జి, పి, వై తోకలు క్రిందికి దిగుటను 'ఒత్తు చోటు' అని చెప్పినచో నాలుగు గీతల పుస్తకము పిల్లవానికి పరాయిది కాదు.

6. మార్లవాయి నుండి నేటి వరకు

నిజాము రాజ్యములో 1943లో, ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో, మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ సలహాపై గోండు ఉపాధ్యాయులకు శిక్షణా కేంద్రము ఏర్పడినది. గోండీ భాషలో వాచకములు నాగరి లిపిలో తయారైనవి. పిల్లవాని భాష మాట్లాడు ఉపాధ్యాయుడే మొదటి అక్షరము చెప్పవలెనన్నది ఆ ప్రయత్నమునకు పునాది. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిది గిరిజన భాషలలో మాతృభాషా ఆధారిత విద్య ఆరంభించినప్పుడు ఖమ్మము జిల్లాకు కోయ వాచకములు వచ్చినవి. అవి తెలుగు లిపిలో అచ్చయినవి. మొదట కోయ, తరువాత తెలుగు, ఆ తరువాత ఇంగ్లీషు అను మెట్ల క్రమము మరల రూపు దాల్చినది.

ఇదే కాలములో ఇంగ్లీషు పై తరగతుల నుండి క్రమేణ క్రిందికి దిగి ఒకటవ తరగతికి చేరినది. 2022–23 విద్యా సంవత్సరము నుండి తెలంగాణ ప్రభుత్వ బడులలో ఒకటి నుండి ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. మరొక ప్రక్క 2020 జాతీయ విద్యా విధానము, సాధ్యమైనచోట్ల కనీసము ఐదవ తరగతి వరకు మాతృభాషలో బోధన ఉండవలెనని చెప్పుచున్నది. షెడ్యూల్డు ప్రాంతములలో ఉపాధ్యాయ ఉద్యోగములన్నియు స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జి.ఓ. 3ను సుప్రీం కోర్టు 2020లో కొట్టివేసినది. ఫలితముగా కోయ పలుకు పలక ప్రక్కన ఎవరు కూర్చుందురన్న ప్రశ్న మరింత బరువెక్కినది. ఈ ఖాళీలోనే సంఘ బడికి, ఆదివార బడికి పని ఉన్నది.

7. సంఘ బడికి కొన్ని సూచనలు

మొదటిది, నోటి తరువాతనే చేయి. ఇంగ్లీషు మాటలు కొన్ని పిల్లవాడు వినుచు, పలుకుచు ఉన్న తరువాతనే వాటి అక్షరములు వ్రాయించవలెను. అడవిలో కనబడని యాపిలుకంటె చీమ, విల్లు, మేక, చెట్టు అనువాటి ఇంగ్లీషు పేర్లు మొదట పనికివచ్చును. వాటిని కోయలోను, తెలుగులోను, ఇంగ్లీషులోను పలికించవచ్చును.

రెండవది, కాగితముకంటె ముందు ఇసుక. దీనికి ఖర్చు లేదు. గోదావరి ఒడ్డు పిల్లలకు ఇసుక కొరత లేదు. చిన్న వ్రేళ్ళకు పెన్సిలు పట్టు కుదరక ముందే కాపీ పుస్తకము ఇచ్చి, ఒక్కొక్క అక్షరము వంద సార్లు వ్రాయించుట వ్రాత మీద విసుగు పుట్టించును.

మూడవది, పిల్లవాని తల్లి భాష తెలిసిన వ్యక్తి ప్రక్కన ఉండవలెను. సేవకునికి కోయ రానిచో సంఘములోని పదవ తరగతి చదివిన కోయ బాలికను ఆ పనికి నిలపవచ్చును. ఎనిమిదేండ్ల ఫ్రిస్కెన్ చేసిన పని ఆమె చేయలేదా?

నాలుగవది, పిల్లవాడు వ్రాయు మొదటి ఇంగ్లీషు మాట అతని స్వంత పేరు కావలెను. ఆ పేరులోని అక్షరములకు శబ్దము ఏమో అతనికి ముందే తెలుసు. ముత్తాత వేలిముద్ర వేసిన చోట మునిమనుమడు సంతకము పెట్టుటకంటె ఈ చరిత్రకు తగిన ఫలము లేదు.

ముగింపు

యోహాను సువార్త 8వ అధ్యాయములో ప్రభువు నేలమీద వ్రేలితో వ్రాసిన సంగతి మనకు తెలుసు. ఆయన ఏమి వ్రాసెనో ఎవరును చెప్పలేదు. అయితే రాళ్ళు పట్టుకొన్నవారి మధ్య, అవమానముతో నిలిచిన ఒక వ్యక్తి ఎదుట ఆయన వంగి వ్రాసెను. చిన్న పిల్లలకు అక్షరము నేర్పువాడు కూడ వంగవలసినవాడే. పెంతెకొస్తు దినమున జనులు తాము పుట్టిన భాషలోనే సువార్త వినిరి. వారిని ముందుగా మరియొక భాష నేర్చుకొని రమ్మని ఎవరును చెప్పలేదు.

దుమ్ముగూడెము మిషను తన తొలి దశాబ్దములలో కోయ మాటలో సువార్త ఉంచుటకు ప్రయాసపడినది. నేటి సంఘ బడి ముఖద్వారము మీద ఇంగ్లీషు మాధ్యమమని వ్రాసికొనుటలో తప్పు లేదు. ఆ ద్వారము లోపల కోయ మాట పలికిన బిడ్డను గద్దించుచున్నచో తప్పున్నది. ఇంగ్లీషు అక్షరము ఆ బిడ్డకు రావలెను, అందముగా రావలెను, ఆలస్యము లేక రావలెను. అది తల్లి మాటను తుడిచివేసిన పలక మీద గాక, ఆ మాట ప్రక్కన వ్రాయబడవలెను. ఈ బాధ్యతను ప్రభుత్వము మీదనే వదలక, అడవి సరిహద్దులోని ప్రతి సంఘము తన వాకిట ఇసుక పరచి ఆరంభించవచ్చునని మేము నమ్ముచున్నాము.